రాత్రంతా కంట్లోనే ఉండిపోయిన లెన్సు: కన్ను ఎందుకు ఎర్రబడుతుంది?



ఈ పాఠంలో మనం మాట్లాడుకోబోయే వస్తువు చాలా చిన్నది. అడ్డంగా కొలిస్తే దాదాపు 14 మిల్లీమీటర్లు. నడిమధ్యన మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అరచేతిలో పెట్టుకుంటే నీటిబొట్టులా మెరుస్తుంది. అదే సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సు. పగలు పెట్టుకుని, పడుకునే ముందు తీసి, శుభ్రం చేసి దాచుకుంటే చాలామందికి ఏ ఇబ్బందీ రాదు. తీయకుండా నిద్రపోతే మాత్రం తెల్లవారేసరికి కన్ను ఎర్రగా కనిపించవచ్చు. "ఒక్క రాత్రికి ఏమవుతుంది?" అని మీరు అడుగుతారని నాకు తెలుసు. చాలాసార్లు ఏమీ కాదు. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. ఏమీ కాని రాత్రులు నాలుగైదు గడిచాక మనిషి జాగ్రత్త మానేస్తాడు, అక్కడే అసలు చిక్కు.

మా ఇంట్లో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. మా అక్క కూతురు సికింద్రాబాదులో చదువుకునే రోజుల్లో ఒక ఏడాది దుర్గాపూజ చూడటానికి కోల్‌కతాలో మా ఇంటికి బయలుదేరింది. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే మర్నాడు సాయంత్రానికి హౌరా. మధ్యలో ఒక రాత్రి. అప్పటికే రెండు రోజులుగా జలుబు. రైల్లో వాష్‌బేసిన్ దగ్గర నిలబడి లెన్సులు తీయడానికి మనసొప్పలేదు. ఆ సంకోచం తప్పని నేను అనను, ఆ నీళ్లు లెన్సుకు తగలకూడదు. కానీ తీయడం మానేసి, అలాగే పై బెర్తు మీద పడుకుంది. విశాఖపట్నం దగ్గర పడుతుండగా, ఇంకా చీకటి ఉండగానే, కుడి కంట్లో నొప్పితో మెలకువ వచ్చింది. కన్ను చింతనిప్పులా ఉంది. నీళ్లు ధారగా కారుతున్నాయి. బోగీలో వెలిగే చిన్న దీపం వైపు కూడా చూడలేకపోయింది.

సాయంత్రం హౌరాలో దిగాక ప్లాట్‌ఫారం మీద ఒక పెద్దాయన ఆమె కన్ను చూసి రెండడుగులు పక్కకు జరిగి, "జొయ్ బాంగ్లా" అన్నారు.

"పిన్నీ, ఆయన నన్ను చూసి నినాదం ఇచ్చారేమిటి?" అంది పిల్ల.

నినాదం కాదు, అది జబ్బు పేరు. మన ఊళ్లలో కళ్లకలక అనేదాన్ని కోల్‌కతాలో పాతతరం వాళ్లు ఈనాటికీ అలాగే పిలుస్తారు. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షల మంది శరణార్థులు పశ్చిమ బెంగాలుకు వచ్చిన నెలల్లోనే ఒక కొత్త రకం కళ్లకలక నగరమంతా చుట్టేసింది. బంగ్లాదేశ్ విముక్తి నినాదమే ఆ జబ్బుకు పేరైపోయింది. 1969లో పశ్చిమ ఆఫ్రికాలోని ఘనాలో ఇదే జబ్బు కనిపించినప్పుడు అక్కడి జనం దాన్ని అపోలో 11 జబ్బు అన్నారు. మనిషి చంద్రుడి మీద కాలు మోపిన సంవత్సరం కదా! ప్రతి ఊరూ తన ఎర్రకన్నుకు ఆ ఏటి వార్త పేరే పెట్టుకుందన్నమాట. దీనికి కారణం ఎంటిరోవైరస్ 70 అనే వైరస్ అని తరువాత తేలింది.

అయితే మా పిల్లకు వచ్చింది కళ్లకలక కాదు. పెద్దాయన పొరబడ్డారు. ఆయనను తప్పుపట్టలేం. ఎర్రకన్ను ఎవరికి కనిపించినా మొదట తోచేది అదే. ఈ పొరపాటు మాత్రం కంటికి చాలా ఖరీదు కావచ్చు. అందుకే ముందు ఎరుపును చదవడం నేర్చుకుందాం.

టీవీలో చూపించిన బొమ్మ ఈ పుస్తకంలో లేదు. కనుక మీరే అద్దం ముందు, కిటికీ వెలుగులో నిలబడండి. నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా ఒక పారదర్శకమైన పొర ఉంది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని శుక్లపటలం అని రాస్తారు. వైద్యులూ జనమూ కార్నియా అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. కార్నియా అంచు తెల్లగుడ్డును కలిసే వలయం పేరు లింబస్. తెల్లగుడ్డు మీదా, రెప్పల లోపలి వైపునా పరుచుకున్న పలుచని తడిపొర కంజంక్టివా. కళ్లకలకలో ఎర్రబడేది ముఖ్యంగా ఈ కంజంక్టివా. రెప్ప కిందికి లాగి చూస్తే లోపల ఎక్కువ ఎరుపు, నల్లగుడ్డు దగ్గరకు వచ్చేసరికి తక్కువ. ఊసులు కడతాయి, ఇసుక పడినట్టు గరగరలాడుతుంది. సాధారణంగా ఒక కంటితో మొదలై రెండో కంటికి పాకుతుంది. ఇంట్లో ఇంకొకరికి కూడా అంటుకుంటుంది. లెన్సు వల్ల కార్నియాకు దెబ్బ తగిలినప్పుడు ఎరుపు మరోలా ఉంటుంది. నల్లగుడ్డు చుట్టూ వలయంలా చిక్కగా ఉండి, దూరం పోయేకొద్దీ పలుచబడుతుంది. వెలుతురు భరించలేరు. నొప్పి ఉంటుంది. ఒక్కోసారి చూపు మసకబారుతుంది. మా పిల్లకు ఒక్క కంట్లోనే, అదీ లింబస్ చుట్టూ ఎరుపు, పైగా వెలుతురు చూడలేని స్థితి. ఇది వైద్యుడు చూసి తేల్చాల్సిన విషయమే అయినా, ఎంత తొందరగా ఆ వైద్యుడి దగ్గరకు వెళ్లాలో నిర్ణయించుకోవడానికి మనకు ఈ మాత్రం తెలిసి ఉండాలి.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

మన ఒంట్లో దాదాపు ప్రతి భాగానికీ ఆక్సిజన్‌ను రక్తం మోసుకొస్తుంది. కార్నియాకు ఆ సౌకర్యం లేదు. రక్తనాళాలు ఉంటే వెలుతురు సూటిగా లోపలికి పోదు, చూపు చెడుతుంది. కనుక ఆరోగ్యంగా ఉన్న కార్నియాలో ఒక్క రక్తనాళం కూడా ఉండదు. మరి దానికి ఊపిరి ఎలా? గాలి నుంచి నేరుగా. కన్ను తెరిచి ఉన్నప్పుడు గాలిలోని ఆక్సిజన్ కన్నీటి పొరలో కరిగి కార్నియాలోకి ఇంకుతుంది. సముద్రమట్టం దగ్గర ఆ ఆక్సిజన్ పీడనం సుమారు 155 మిల్లీమీటర్ల పాదరసం. కన్ను మూయగానే గాలి తలుపు మూసుకుపోతుంది. అప్పుడు పై రెప్ప లోపలి వైపున్న సన్నని రక్తనాళాలే కార్నియాకు ఆధారం. వాటి నుంచి అందేది సుమారు 55 మిల్లీమీటర్లు మాత్రమే, అంటే పగటి దానిలో మూడో వంతు. ప్రతి రాత్రీ మనందరి కార్నియా ఇలా అర్ధాకలితోనే నిద్రపోతుంది.

ఆక్సిజన్ తగ్గితే కణాలు పని మానవు. గ్లూకోజును ఆక్సిజన్ లేకుండానే మండించే అడ్డదారి పడతాయి. పరుగెత్తినప్పుడు పిక్కల్లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. అది కార్నియా మధ్యపొరలో పోగై నీటిని లోపలికి లాగుతుంది. కార్నియా ఉబ్బుతుంది. లెన్సు అనే మాటే ఎరుగని మనిషి కార్నియా కూడా రాత్రి నిద్రలో 3 నుంచి 4 శాతం ఉబ్బి, లేచిన కొన్ని గంటల్లో తిరిగి మామూలవుతుంది. కార్నియా మధ్యభాగం మందం అర మిల్లీమీటరు పైన కాస్త ఉంటుంది కాబట్టి ఈ ఉబ్బు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. మనకు తెలియను కూడా తెలియదు.

ఈ అర్ధాకలి మీద లెన్సు అనే మూత పెట్టండి. ఏమవుతుంది? అది ఏ పదార్థంతో చేసిన మూత అన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదటి తరం గట్టి లెన్సులు చేసిన ప్లాస్టిక్‌లోంచి ఆక్సిజన్ దాదాపు పోదు. రెప్ప ఆర్పినప్పుడల్లా లెన్సు కింద కన్నీరు మారుతుంది కాబట్టి పగలు సరిపోయేది. 1961లో చెకోస్లొవేకియా రసాయన శాస్త్రవేత్త ఓటో విక్టర్లే క్రిస్మస్ రోజుల్లో తన ఇంట్లోనే, పిల్లలు ఆడుకునే మెర్కూర్ అనే బొమ్మల సెట్టు ముక్కలతో ఒక యంత్రం కట్టి మెత్తని లెన్సులు తయారుచేశాడు. ఇది నీటిని పీల్చుకునే హైడ్రోజెల్. ఆక్సిజన్ ఆ నీటిలో కరిగి లోపలికి చేరుతుంది. నీరు ఎంత ఎక్కువ ఉంటే ఆక్సిజన్ అంత బాగా పోతుంది. కానీ నీటికంటే మెరుగ్గా పోలేదు కదా! అదే హైడ్రోజెల్‌కు పైకప్పు.

ఆక్సిజన్ ఎంత పోతే చాలు? ఈ ప్రశ్నకు 1984లో బ్రియాన్ హోల్డెన్, జార్జ్ మెర్ట్స్ ఒక అంకె ఇచ్చారు. లెన్సులోంచి ఆక్సిజన్ పోయే శక్తిని, లెన్సు మందంతో భాగించి కొలిచే ప్రమాణం ఒకటి ఉంది. దాని పూర్తి రూపం ఇక్కడ రాయను, అంకెలు పోల్చుకుంటే చాలు. పగలు మాత్రమే పెట్టుకునే లెన్సుకు కనీసం 24 ఉంటే కార్నియా ఉబ్బదు. రాత్రి పెట్టుకున్నా మామూలు 4 శాతం ఉబ్బును మించకుండా ఉండాలంటే 87 కావాలి. ఆనాటి హైడ్రోజెల్ లెన్సులు చాలావరకు 10కీ 30కీ మధ్య ఉండేవి. అంటే పగటికి బొటాబొటీ, రాత్రికి ఏ మూలకూ చాలవు. అలాంటి లెన్సుతో నిద్రపోతే కార్నియా 10 శాతమో, అంతకు మించో ఉబ్బుతుంది. పొద్దున్న దీపాల చుట్టూ రంగుల వలయాలు, పొగమంచు పట్టినట్టు చూపు అందుకే. 1999లో హార్విట్, బొనాన్నో లెక్కలు సరిచూసి, కార్నియాలో ఏ పొరా ఆక్సిజన్ లేమికి గురికాకూడదంటే రాత్రికి 125 ఉండాలన్నారు.

ఇంతవరకు ఉబ్బు సంగతి. ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది? కార్నియాలో రక్తనాళాలు లేవన్నాను. అవి లింబస్ దాకా వచ్చి ఆగిపోతాయి, ఊరి పొలిమేరలో ఆగిన రోడ్డులా. లోపలి నుంచి ఆక్సిజన్ లేమి సంకేతం రాగానే ఆ నాళాలు విప్పారి ఎక్కువ రక్తాన్ని నింపుకుంటాయి. అదే మనకు నల్లగుడ్డు చుట్టూ సన్నని ఎర్ర గీతలుగా కనిపిస్తుంది. ఇది రోజూ, నెలల తరబడి సాగితే ఆ నాళాలు పొలిమేర దాటి కార్నియాలోకే కొమ్మలు వేస్తాయి. ఆ కొమ్మలు లెన్సు మానేశాక రక్తం లేక ఖాళీ అవుతాయి గానీ గొట్టాలు చాలాకాలం మిగిలిపోతాయి. వైద్యుడు స్లిట్‌లాంప్‌లో చూస్తే సంవత్సరాల తరువాత కూడా కనిపెట్టగలడు. అబద్ధం చెప్పి తప్పించుకోలేం.

రాత్రి లెన్సు దీర్ఘకాలంలో ఏం చేస్తుందో చూపిన ఒక చక్కని పరిశీలన 1985లో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ నుంచి వచ్చింది. 27 మంది మనుషులు ఒక కంటికే లెన్సు పెట్టుకుని, సగటున 62 నెలలు రాత్రింబగళ్లు ఉంచుకున్నారు. రెండో కంటికి లెన్సు లేదు. అంటే పరీక్షకూ పోలికకూ ఒకే మనిషి. వయసు, తిండి, గాలి, నిద్ర అన్నీ సమానం. లెన్సు పెట్టిన కంట్లో కార్నియా పైపొర పలుచబడింది, అది ఆక్సిజన్ తీసుకునే వేగం తగ్గింది, చిన్న చిన్న తిత్తులు కనిపించాయి, నీటిని బయటికి తోడే లోపలి పొర కణాల ఆకారం చెదిరింది. లెన్సు మానేశాక పైపొర ఒక నెలలోపే కోలుకుంది గానీ, ఆ లోపలి కణాలు మాత్రం మునుపటిలా కాలేదు. విజ్ఞానశాస్త్రం చదివే విద్యార్థులు ఈ ప్రయోగం రూపాన్ని గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. అంతా ఆక్సిజన్ వల్లనే అయితే ఎక్కువ ఆక్సిజన్ పోనిచ్చే లెన్సు తయారుచేస్తే సరిపోదా? అలాగే అనుకున్నారు, తయారుచేశారు కూడా. 1999లో సిలికోన్ హైడ్రోజెల్ లెన్సులు మార్కెట్లోకి వచ్చాయి. సిలికోన్ ఆక్సిజన్‌ను నీటికంటే ఎన్నో రెట్లు బాగా పోనిస్తుంది. 87 అనే గీతను చాలా లెన్సులు దాటాయి, కొన్ని 170 దాకా వెళ్లాయి. లింబస్ చుట్టూ ఎరుపు తగ్గింది. పొద్దుటి పొగమంచు తగ్గింది. అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 1981లో సాఫ్ట్ లెన్సులను ఏకబిగిన 30 రోజుల వరకు ఉంచుకోవచ్చని అనుమతించి, కార్నియా పుండ్ల లెక్కలు బయటపడ్డాక 1989లో దాన్ని 7 రోజులకు కుదించింది. కొత్త లెన్సులు చూసి 2001లో కొన్నింటికి మళ్లీ 30 రోజులు ఇచ్చింది. సమస్య తీరిపోయిందని చాలామంది అనుకున్నారు.

తీరలేదు. అంకెలు చూడండి. 1989లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన లెక్క ప్రకారం, పగలు మాత్రమే వాడే లెన్సులు పెట్టుకునే 10,000 మందిలో ఏడాదికి 4 మందికి కార్నియా పుండు వస్తే, రాత్రి కూడా ఉంచుకునే రకం వాడేవారిలో దాదాపు 21 మందికి వచ్చింది. 2008లో ఆస్ట్రేలియా నుంచి, కొత్త లెన్సులు వచ్చాక చేసిన లెక్క వెలువడింది. పగలు మాత్రమే సాఫ్ట్ లెన్సు పెట్టుకునేవారిలో 1.9. రాత్రి ఉంచుకుంటే 19.5. సిలికోన్ హైడ్రోజెల్‌తో రాత్రి పడుకుంటే 25.4. ఆక్సిజన్ దండిగా అందుతున్నా పుండ్లు తగ్గలేదు.

ఈ అంకెలను రెండు విధాలా చదవాలి. 10,000 మందిలో 20 మంది అంటే తక్కిన 9,980 మందికి ఆ ఏడాది పుండు రాలేదు. మీ స్నేహితురాలు "నేను రోజూ అలాగే పడుకుంటాను, నాకేం కాలేదు" అంటే ఆమె అబద్ధం చెప్పడం లేదు. కానీ పగటి వాడకంతో పోలిస్తే ప్రమాదం పది రెట్లు. ఆ పుండు మానాక మిగిలే తెల్లమచ్చ కనుపాప ఎదురుగా పడితే చూపు జీవితాంతం అంతే. ఒక్క బస్సు టికెట్టు ధరంత శ్రమ తప్పించుకోవడానికి ఈ పందెం నేనైతే కాయను.

మరి కారణం ఏమిటి? ఆక్సిజన్ ఒక్కటే కాదు, మూసిన కన్ను అనే గదే వేరు.

పగలు మనం నిమిషానికి పదిపదిహేను సార్లు రెప్ప ఆర్పుతాం. ప్రతిసారీ కొత్త కన్నీరు వస్తుంది, పాతది ముక్కులోకి జారిపోతుంది. కన్నీటిలో లైసోజైమ్ లాంటి క్రిమిసంహారక ప్రోటీన్లు ఉంటాయి. దుమ్మూ బ్యాక్టీరియా కొట్టుకుపోతాయి. నిద్రలో రెప్పపాటు ఉండదు, కొత్త కన్నీరు ఊరడం దాదాపు ఆగిపోతుంది. వేడి కొంచెం పెరుగుతుంది. తాజా కన్నీటి కాపలా తగ్గడంతో శరీరం మరో ఏర్పాటు చేసుకుంటుంది. రోగనిరోధక ప్రోటీన్లనూ, తెల్ల రక్తకణాలనూ ముందే కంటి ఉపరితలం మీద మోహరిస్తుంది. ఆరోగ్యవంతుడి కన్ను కూడా ప్రతి రాత్రీ స్వల్పమైన వాపు స్థితిలోనే ఉంటుందని 1990ల్లో తేలింది. పొద్దున్నే కనుకొలకుల్లో కనిపించే కాస్త ఊసులో ఆ రాత్రి కాపలా అవశేషం కూడా ఉంటుంది.

ఈ గదిలో లెన్సు ఉంటే దాని కిందికి చేరిన మృతకణాలూ, బ్యాక్టీరియా, అవి విడిచే విషపదార్థాలూ బయటికి పోయే దారి లేక కార్నియాకు ఆనుకునే ఉంటాయి. పైన అప్పటికే మోహరించిన తెల్ల రక్తకణాలు వాటిని పసిగట్టి దాడి మొదలుపెడతాయి. మనిషి తెల్లవారుజామున నొప్పితో, వెలుతురు చూడలేక, కన్నీళ్లతో లేస్తాడు. దీన్ని 1978లో ఆస్ట్రేలియాలో జాంటోస్, హోల్డెన్ వర్ణించారు. కాంటాక్ట్ లెన్సు వల్ల హఠాత్తుగా వచ్చే ఎర్రకన్ను అని దీనికి పేరు. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి వైద్యులు క్లేర్ అంటారు. మా పిల్ల రైల్లో లేచింది దీనితోనే.

ఇందులో మన హైదరాబాదు పాత్ర ఉంది. సినీ దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్ కుటుంబం ఇచ్చిన విరాళంతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో ప్రారంభించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, 1990ల్లో హోల్డెన్ గారి సిడ్నీ బృందంతో కలిసి, రాత్రి కూడా లెన్సులు ఉంచుకునే స్వచ్ఛంద సేవకులను నెలల తరబడి గమనించింది. పద్మజ శంకరిదుర్గ్, సూక్ష్మజీవుల నిపుణురాలు సావిత్రి శర్మ మొదలైనవారు కన్ను ఎర్రబడిన ప్రతిసారీ లెన్సును తీసి ప్రయోగశాలలో పెంచి చూశారు. ఏ బ్యాక్టీరియా ఉందో రాసుకున్నారు. 1996లో వారు ప్రచురించిన వ్యాసంలో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బ్యాక్టీరియా అంటుకున్న లెన్సులకూ, హఠాత్తుగా వచ్చే కంటి వాపుకూ సంబంధం చూపించారు. ఈ బ్యాక్టీరియా మామూలుగా ఉండేది ఎక్కడ? మన ముక్కులోనూ గొంతులోనూ. జలుబు చేసినప్పుడు ముక్కు తుడిచిన చేతితో కన్ను నులుముకుంటే అది లెన్సు మీదికి చేరడానికి ఎంతసేపు? జలుబుగా ఉన్న రోజుల్లో లెన్సులతో అసలే పడుకోకూడదని చెప్పడానికి ఆధారం ఇలాంటి పరిశోధనే. మా పిల్లకు రెండు రోజులుగా జలుబు అని మొదట్లో చెప్పాను, గుర్తుందా? హోల్డెన్ 2015లో కన్నుమూశారు. హైదరాబాదులోని ఆ సంస్థలో కంటి పరిశోధన కేంద్రానికి ఆయన పేరే ఉంది.

క్లేర్ బాధాకరమే గానీ, లెన్సు తీసేసి వైద్యుడి పర్యవేక్షణలో ఉంటే సాధారణంగా రెండు మూడు వారాల్లో మచ్చ లేకుండా సర్దుకుంటుంది. దాని అన్నగారు వేరే ఉన్నాడు. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. తడి ఉన్నచోటల్లా బతుకుతుంది. కుళాయి, లెన్సు డబ్బా, పాతబడిన ద్రావణం, ఎక్కడైనా సరే. ఉబ్బి, పైపొర బలహీనపడిన కార్నియాలోకి చొరబడితే ఒకటి రెండు రోజుల్లోనే పుండును లోతుకు తవ్వేస్తుంది. వేడి ప్రాంతాల్లో లెన్సు పుండ్లకు ఇది మరీ ముఖ్యమైన కారణం. చిక్కేమిటంటే మొదటి గంటల్లో క్లేర్‌కూ దీనికీ తేడా మీకూ నాకూ తెలియదు. రెండింటిలోనూ కన్ను ఎరుపే, నొప్పే.

కోల్‌కతాలో ఉండేవారికి ఈ మాటలు ఇంకొంచెం గట్టిగా చెప్పాలనిపిస్తుంది. పూజ నాలుగు రోజులూ పిల్లలు రాత్రంతా పందిళ్లు తిరుగుతారు. సప్తమి రాత్రి బయలుదేరినవాళ్లు అష్టమి పొద్దున ఇల్లు చేరి, చెప్పులు విప్పే ఓపిక లేక మంచం మీద వాలిపోతారు. ఆ రోజుల కోసమే చూపు దోషం లేనివాళ్లు కూడా రంగు లెన్సులు కొంటారు, చెల్లెలివి అక్క పెట్టుకుని చూస్తుంది. రంగు లెన్సూ లెన్సే. నిద్రలో కార్నియాకు అదీ మూతే, ఒకరి కంటి బ్యాక్టీరియా ఇంకొకరికి మోసుకెళ్లే వాహనం కూడా. మధ్యాహ్నం కునుకు మాట ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మూసిన రెప్పకు పగలూ రాత్రీ తేడా లేదు. అమెరికాలో 2015లో ప్రచురించిన ఒక సర్వేలో లెన్సులు వాడేవారిలో దాదాపు సగం మంది ఎప్పుడో ఒకప్పుడు రాత్రి వాటితో పడుకున్నామనీ, 87 శాతం మంది కునుకు తీశామనీ ఒప్పుకున్నారు. మనవాళ్లు అంతకంటే బుద్ధిమంతులని నేను అనుకోను.

ఇంకొకటి, మందుల దుకాణం. ఎర్రకన్ను చూపించగానే కౌంటరు వెనక కుర్రాడు చుక్కల మందు తీసి ఇస్తాడు. మా పిల్లకు కూడా ఇంటికి వచ్చే దారిలోనే ఒక దుకాణంలో అలా ఒక సీసా చేతిలో పెట్టారు. లేబులు చదివితే అందులో స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ చుక్క వేస్తే ఎరుపు గంటల్లో తగ్గి హాయిగా ఉంటుంది. లోపల ఉన్నది సూడోమోనాస్ అయినా, బూజు తెగులు అయినా, కాపలాదారుల చేతులు కట్టేసి దొంగకు తలుపు తీసినట్టే. ఎరుపు పోగొట్టే మరో రకం చుక్కలు రక్తనాళాలను బిగిస్తాయి. వాటి ప్రభావం తగ్గగానే ఎరుపు తిరిగి మొదటికంటే ఎక్కువ రావచ్చు. ఎరుపు జబ్బు కాదు, కబురు. ఆ సీసా మూత తీయకుండానే పక్కన పెట్టించాను.

సరే, లెన్సుతో పడుకుని లేచారు. ఏం చేయాలి? నొప్పి లేకపోతే గాభరాగా గుంజి తీయకండి. రాత్రి ఎండి కార్నియాకు అతుక్కున్న లెన్సును లాగితే పైపొర కణాలు ఊడి వస్తాయి. చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన గుడ్డతో తుడుచుకోండి. లెన్సులకు వాడదగిన తడి చుక్కలు నాలుగు వేసి, కొన్ని నిమిషాలు రెప్పలు ఆర్పుతూ ఉండండి. లెన్సు కదలడం మొదలుపెట్టాక తీయండి. కుళాయి నీరు మాత్రం చల్లకండి. అందులో అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉండవచ్చు, అది కార్నియాలో చేరితే వదిలించడానికి నెలలు పడుతుంది. ఆ రోజంతా కళ్లజోడే పెట్టుకోండి. స్వల్పమైన ఎరుపు అయితే కొన్ని గంటల్లో తగ్గిపోవాలి. లెన్సు తీశాక కూడా నొప్పి, వెలుతురు భరించలేకపోవడం, చూపు మసక, పెరుగుతున్న ఎరుపు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే కంటి వైద్యుణ్ని చూడండి. రేపు కాదు. కోల్‌కతాలో అయితే మెడికల్ కాలేజీ ఆవరణలో ప్రభుత్వ ప్రాంతీయ నేత్ర వైద్య సంస్థ ఉంది, డబ్బు లేదన్న కారణంతో ఆగనక్కరలేదు.

రాత్రి ఉంచుకోవలసిన లెన్సులు కొన్ని ఉన్నాయని విన్నవారు నన్ను నిలదీయవచ్చు. ఉన్నాయి. గాయపడిన కార్నియా మీద వైద్యుడు కట్టులా వేసే లెన్సు ఒకటి. రాత్రి పెట్టుకుని పగలు తీసేసే, కార్నియా ఆకారాన్ని తాత్కాలికంగా మార్చే గట్టి లెన్సు మరొకటి. వాటిలో ఆక్సిజన్ బాగా పోయే పదార్థాలు వాడతారు, వైద్యుడు తరచుగా చూస్తూ ఉంటాడు. అయినా వాటికీ ప్రమాదం లేకపోలేదు. డబ్బా మీద నెలరోజులు అని రాసి ఉంది కదా అని అడిగేవారికి కూడా ఒక మాట. చాలా డబ్బాల మీద రాసిన నెల అంటే పగలు పెట్టుకుని రాత్రి తీస్తూ నెల వాడవచ్చని అర్థం, నెల పాటు తీయనక్కరలేదని కాదు.

మా పిల్ల సంగతి పూర్తి చేస్తాను. ఆ సాయంత్రమే కంటి వైద్యుడికి చూపించాం. ఆయన నారింజరంగు ద్రావణపు చుక్క వేసి, నీలి వెలుతురులో స్లిట్‌లాంప్‌తో చూశారు. పైపొర ఊడినచోట ఆ రంగు ఆకుపచ్చగా మెరుస్తుంది. మెరవలేదు. లింబస్ దగ్గర బూడిదరంగు చుక్కలు నాలుగైదు, తెల్ల రక్తకణాల గుంపులు. పుండు లేదు. అయినా మర్నాడు మళ్లీ రమ్మన్నారు, మూడో రోజు కూడా. మొదటి రోజు పుండు లేదంటే రెండో రోజు ఉండదని కాదన్నారు. పిల్ల ఆ ఏడాది పందిళ్లను నల్లకళ్లద్దాలతో చూసింది. మూడు వారాలకు కన్ను తేటపడింది.

ఆ మొదటి సాయంత్రం ఆయన అడిగిన మొదటి ప్రశ్న మందుల గురించి కాదు, "లెన్సు ఎక్కడ?" అని. రైల్లో తీసి కిటికీలోంచి విసిరేశానంది. అయ్యో అన్నారాయన. ఏ బ్యాక్టీరియా ఉందో ఆ లెన్సే చెప్పేది, దాని డబ్బా కూడా చెప్పేది. కనుక కన్ను ఎర్రబడి వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు తీసిన లెన్సును దాని డబ్బాలోనే పెట్టి, వాడుతున్న ద్రావణం సీసాతో సహా, కడగకుండా ఉన్నదున్నట్టుగా వెంట పట్టుకెళ్లండి.